నడవడానికీ, పాతిపెట్టడానికీ: బోస్టన్ ఆఫ్రికన్ లాడ్జి చరిత్ర

లాడ్జి అనగానే మనకు గుర్తొచ్చేది బస్టాండు పక్కన రాత్రికి రూము దొరికే చోటు. ఇక్కడ చెప్పుకునేది ఫ్రీమేసన్లు, క్లుప్తంగా మేసన్లు, అనే సోదర సంఘపు లాడ్జి గురించి. సభ్యులు ఒకరినొకరు 'బ్రదర్' అని పిలుచుకుంటారు, నడుముకు ఏప్రాన్ కట్టుకుంటారు, తలుపులు వేసుకుని సమావేశమవుతారు, లోపల జరిగింది బయటపెట్టబోమని ప్రమాణం చేస్తారు. ఆ సంఘానికి ఒక ఊళ్లో ఉండే శాఖే లాడ్జి. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీల కాలం నాటి గోషామహల్ బారాదరి 1872 నుంచి వాళ్ల చేతుల్లోనే ఉంది. మన దేశంలో చాలాచోట్ల ఇలాంటి భవనాలను జనం జాదూఘర్ అనీ భూత్ బంగ్లా అనీ పిలిచారు. లోపల ఏం చేస్తారో తెలియనప్పుడు ఊరు తనకు తోచిన కథ అల్లుకుంటుంది, అందులో వింతేమీ లేదు.

కానీ అందరి ధ్యాసా ఆ రహస్యం మీదే ఉండిపోవడం వల్ల ఒక విషయం మరుగున పడిపోయింది. ఒక లాడ్జి తన ఊరికి, తన మనుషులకు ఏం చేసిందో తెలుసుకోవాలంటే వీధిలో చూడాలి, శ్మశానంలో చూడాలి, కోర్టులకూ చట్టసభలకూ వెళ్లిన అర్జీల్లో చూడాలి. ఈ మాటకు అమెరికాలోని బోస్టన్‌లో పద్దెనిమిదో శతాబ్దంలో నల్లవాళ్లు పెట్టుకున్న ఆఫ్రికన్ లాడ్జి కంటే గట్టి ఉదాహరణ దొరకదు. దానికి మొదట దక్కిన అనుమతులు రెండే. సెయింట్ జాన్ పండుగ (మేసన్లకు ఏటా రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబరులోనూ వచ్చేది) రోజున వీధిలో ఊరేగడం, చనిపోయినవాళ్లను మేసన్ల పద్ధతిలో పాతిపెట్టడం. కొత్తవాళ్లను పూర్తి హోదాతో చేర్చుకునే హక్కు లేదు, మిగతా లాడ్జీలతో సమానంగా కూర్చునే హక్కు లేదు. నడవొచ్చు, పాతిపెట్టొచ్చు, అంతే. ఇచ్చినవాళ్లకు ఇవి చిన్న విషయాల్లా కనిపించి ఉంటాయి. ఒక సమాజం సమాజంగా నిలబడటానికి ముందు కావలసినవి ఈ రెండేనని ఆ తర్వాత ముప్పై ఏళ్లలో తేలింది.

కథ ప్రిన్స్ హాల్ అనే మనిషితో మొదలవుతుంది. ప్రిన్స్ అన్నది అతని పేరే, రాచరికంతో సంబంధం లేదు. బోస్టన్‌లో విలియం హాల్ అనే తోలు వ్యాపారి దగ్గర బానిసగా ఉన్నాడు, అక్కడే తోలు పని నేర్చుకున్నాడు. 1770 ఏప్రిల్‌లో, అంటే బోస్టన్ వీధిలో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపిన నెల రోజులకు, యజమాని అతనికి విడుదల పత్రం రాసిచ్చాడు. తర్వాత సొంతంగా తోలు దుకాణం పెట్టుకున్నాడు. 1777లో బోస్టన్ ఫిరంగి దళానికి డప్పుల కోసం తోళ్లు సరఫరా చేసి పంపిన బిల్లు ఒకటి ఈనాటికీ ఉంది. బార్బడోస్‌లో పుట్టాడనీ, తండ్రి ఇంగ్లీషువాడనీ ఒక కథ చాలాకాలం చెలామణిలో ఉంది గానీ, అది 1903లో వచ్చిన ఒక పుస్తకం పుట్టించినదేనని చరిత్రకారులు తేల్చేశారు. గొప్పవాడికి గొప్ప పుట్టుక అంటగట్టాలన్న ఆరాటమే తప్ప ఆ కథలో సరుకు లేదు. తోలు పనివాడు అన్న నిజమే దానికంటే చాలా పెద్ద విషయం, ముఖ్యంగా తోలు పని చేసే మనిషిని ఏ దూరంలో నిలబెట్టారో తెలిసిన మన ప్రాంతంవాళ్లకు.

అప్పటి బోస్టన్‌లో స్వాతంత్ర్యం గురించి గొంతెత్తినవాళ్లలో చాలామంది మేసన్లే. జోసెఫ్ వారెన్, పాల్ రివీర్ ఇద్దరూ సెయింట్ ఆండ్రూస్ లాడ్జి సభ్యులు. మనుషులంతా సోదరులు, లాడ్జిలో అంతస్తులు లేవు అన్నది వాళ్ల మూల సూత్రం. అయినా ఆ లాడ్జీల్లో నల్లవాళ్లకు చోటు దొరకలేదు. ఆశ్చర్యం ఏంటంటే తలుపు తీసింది అవతలి పక్షం. ఊరిని ఆక్రమించి కూర్చున్న బ్రిటిష్ సైన్యంలో ఒక రెజిమెంట్‌తో పాటు తిరిగే ఐరిష్ లాడ్జి ఉంది, నంబరు 441. ఆ లాడ్జికి చెందిన సార్జెంట్ జాన్ బ్యాట్ ప్రిన్స్ హాల్‌నూ, మరో పద్నాలుగు మంది స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లనూ మేసన్లుగా చేర్చుకున్నాడు. సంప్రదాయంగా చెప్పే తేదీ 1775 మార్చి 6. ఆరు వారాల తర్వాత లెక్సింగ్టన్‌లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది, మరుసటి ఏడాది మార్చిలో సైన్యం ఓడలెక్కి వెళ్లిపోయింది, దానితో పాటే ఆ లాడ్జీ వెళ్లిపోయింది. పదిహేను మంది మాత్రం మిగిలారు, చేతిలో కాగితం లేకుండా.

పైన చెప్పిన రెండు అనుమతులు ఇప్పుడు వస్తాయి. బోస్టన్ మేసన్ల పెద్ద జాన్ రో వాటిని ఇచ్చాడని ప్రిన్స్ హాల్ తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. రో పెద్ద వర్తకుడు. బ్రిటిష్ పన్నుకు నిరసనగా బోస్టన్ జనం సముద్రంలో టీ పెట్టెలు పారబోసిన సంగతి తెలిసిందే కదా, ఆ ఓడల్లో ఒకటి అతనిదే. 1776 జూలైలో ఈ పదిహేను మందీ తమను తాము ఆఫ్రికన్ లాడ్జిగా ప్రకటించుకున్నారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది కూడా ఆ వారంలోనే.

ముందు పాతిపెట్టడం సంగతి చూద్దాం. పోయినప్పుడు మోయడానికి నలుగురు ఉండాలి అని మన దగ్గర ఎందుకంటారో ఎవరికీ వివరించక్కర్లేదు. బానిసగా బతికిన మనిషికి ఆ నలుగురి గ్యారంటీ లేదు. భార్య ఒక ఇంట్లో, పిల్లలు ఇంకో ఊళ్లో, అన్నదమ్ములు ఎక్కడికి అమ్ముడుపోయారో తెలియదు. బోస్టన్‌లోని కాప్స్ హిల్ శ్మశానంలో ఒక పక్కన వెయ్యిమందికి పైగా నల్లవాళ్లను పాతిపెట్టారు, చాలామందికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. అలాంటి ఊళ్లో ఒక తోలు పనివాడో, ఓడల్లో కూలికి పోయేవాడో చనిపోతే, ఏప్రాన్లు కట్టుకున్న ఇరవై ముప్పై మంది వరుసగా నడిచి, ప్రార్థన చదివి, పద్ధతి ప్రకారం మట్టి వేయడమంటే ఏంటో ఊహించుకోవచ్చు. చనిపోయినవాడికి ఒక పేరుందనీ, వెనక మనుషులున్నారనీ ఊరంతటికీ చెప్పినట్టు.

నడవడం అంతకంటే పెద్ద విషయం. ఏ వీధిలోంచి ఎవరి పెళ్లి ఊరేగింపు వెళ్లొచ్చు, ఎవరి శవం ఏ దారిన వెళ్లాలి అన్న దాని మీద మన ఊళ్లలో ఎన్ని తలలు పగిలాయో తెలిసినవాళ్లకు దీని బరువు వెంటనే అర్థమవుతుంది. వీధి అందరిదీ అంటారు గానీ అందులో గుంపుగా, తలెత్తుకుని, జెండాతో నడిచే హక్కు ఎప్పుడూ కొందరిదే. 1782 డిసెంబరులో లాడ్జి సభ్యులు సెయింట్ జాన్ పండుగ ఊరేగింపు తీసినప్పుడు ఒక పత్రిక వాళ్లను 'సెయింట్ బ్లాక్స్ లాడ్జి' అని ఎగతాళి చేసింది. ప్రిన్స్ హాల్ ఊరుకోలేదు. మా పేరు అది కాదు, మాకు పెద్ద పెద్ద బిరుదుల మీద ఆశ కూడా లేదు అని ఆ పత్రికకే జవాబు రాసి పంపాడు. మర్యాదగా, క్లుప్తంగా రాసిన ఉత్తరం అది. అచ్చయిన కాగితం మీద తెల్లవాళ్ల మాటకు ఒక నల్లవాడు పేరు పెట్టి జవాబు చెప్పడం ఆ ఊళ్లో అరుదైన దృశ్యం. ఊరేగింపు లేకపోతే ఎగతాళి ఉండేది కాదు, ఎగతాళి లేకపోతే ఆ ఉత్తరమూ ఉండేది కాదు.

అయినా చేతిలో సరైన కాగితం లేదన్న లోటు అలాగే ఉంది. మేసన్ల ప్రపంచంలో పైనున్న గ్రాండ్ లాడ్జి ఇచ్చిన చార్టర్, అంటే అనుమతి పత్రం, ఉంటేనే అసలైన లాడ్జి. అది బోస్టన్‌లో దొరకదని తేలిపోయింది. అందుకని 1784లో ప్రిన్స్ హాల్ నేరుగా లండన్‌కు రాశాడు. మా లాడ్జి పెట్టి దాదాపు ఎనిమిదేళ్లయింది, ఫ్రాన్స్‌కు రాయమని కొందరు ఒత్తిడి చేశారు, మేం ఒప్పుకోలేదు, మాకు వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే వస్తున్నాం అన్నది ఆ ఉత్తరం సారాంశం. అమెరికా అప్పటికి ఇంగ్లండ్‌తో యుద్ధం గెలిచి ఏడాది కూడా కాలేదు. అలాంటప్పుడు శత్రు రాజధానికి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చిందంటే సొంత ఊరు ఎంత గట్టిగా తలుపు వేసుకుందో అర్థం చేసుకోవచ్చు. చార్టర్ మీద తేదీ 1784 సెప్టెంబరు 29, నంబరు 459. ఓడ కెప్టెన్ జేమ్స్ స్కాట్ చేతుల మీదుగా అది బోస్టన్ చేరింది మాత్రం 1787 ఏప్రిల్ 29న. రెండేళ్ల ఏడు నెలలు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. 1869లో లాడ్జి భవనానికి నిప్పంటుకున్నప్పుడు అప్పటి గ్రాండ్ మాస్టర్ మంటల్లోకి వెళ్లి, రేకు గొట్టంలో చుట్టిపెట్టిన చార్టర్‌ను బయటికి తెచ్చాడని చెబుతారు.

ఒక కాగితం కోసం ఇంత తపన ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాగితం మీదే అమ్మకం జరిగే మనుషుల లోకం అది. విడుదలకూ కాగితమే, పట్టుకుపోయి మళ్లీ అమ్మేయడానికీ కాగితమే. అలాంటి చోట తమ పేరు మీద, తమ సంఘం పేరు మీద సముద్రం అవతల నుంచి ముద్ర పడిన పత్రం ఉండటం చిన్న విషయం కాదు.

లాడ్జి చేసిన అసలు పని ఎక్కువగా అర్జీల్లో కనిపిస్తుంది. 1777 జనవరి 13న ఎనిమిది మంది నల్లవాళ్లు బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర చట్టసభకు అర్జీ పెట్టారు, అందులో ప్రిన్స్ హాల్ సంతకం ఉంది. స్వేచ్ఛ మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కని మీరే కదా అంటున్నారు, మరి మా మాటేమిటి అని అడిగారు. అప్పటికి స్వాతంత్ర్య ప్రకటన వచ్చి ఆరు నెలలే అయింది. పాలకుల మాటలనే తీసుకుని వాళ్ల ముందు పెట్టడం ఈ అర్జీలన్నిటిలో కనిపించే పద్ధతి. 1783 నాటికి క్వాక్ వాకర్ అనే బానిస కేసుతో మసాచుసెట్స్‌లో బానిసత్వానికి చట్టపరంగా నిలబడే చోటు పోయింది, 1790 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రంలో బానిసల సంఖ్య సున్నా. ఇదంతా లాడ్జి వల్లే జరిగిందనడం అతిశయోక్తి అవుతుంది. బానిసలుగా ఉన్నవాళ్లే కోర్టుకెక్కి గెలిచిన కేసుల పాత్ర ఎక్కువ. కాకపోతే ఒకే విషయాన్ని మళ్లీ మళ్లీ అడగగలిగే ఓపిక, సంతకాలు సేకరించే మనుషులు, బాగా రాయగలిగే చెయ్యి, ఇవన్నీ ఒకే చోట ఉండటం లాడ్జి వల్లే సాధ్యమైంది.

1787లో ఒకే ఏడాదిలో వెళ్లిన రెండు అర్జీలు పక్కపక్కన పెట్టి చదవాలి. జనవరిలో డెబ్బై మూడు మంది సంతకాలతో ఒకటి వెళ్లింది. మాకు ఇక్కడ బతుకు లేదు, ఆఫ్రికాకు తిరిగి వెళ్లిపోవడానికి సాయం చేయండి అని. అక్టోబరులో ఇంకోటి వెళ్లింది, మేమూ పన్నులు కడుతున్నాం, మా పిల్లలకు బడి ఏది అని. వెళ్లిపోతామనడం, ఉంటాం గనక బడి పెట్టండనడం ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. చదువుతుంటే ఆ రెండింటిలోనూ ఒకటే మనిషి కనిపిస్తాడు. ఆ రెండు అర్జీలకూ ముందు, 1786 చివర్లో, అప్పుల్లో కూరుకుపోయిన రైతుల షేస్ తిరుగుబాటు జరుగుతున్నప్పుడు లాడ్జి గవర్నర్ బౌడిన్‌కు ఉత్తరం రాసి, ప్రభుత్వం తరఫున నిలబడతామని ముందుకొచ్చింది. గవర్నర్ వద్దన్నాడు. మీ సైన్యంలోనూ అక్కర్లేదు, మీ బడిలోనూ చోటు లేదు అన్నాక మనిషి ఎటు చూస్తాడు? బడి కోసం పెట్టిన అర్జీని పక్కన పడేశారు. చివరికి 1798లో నల్లవాళ్లే తమ పిల్లల కోసం ప్రైమస్ హాల్ అనే అతని ఇంట్లో బడి మొదలుపెట్టుకున్నారు. కొన్నేళ్లకు అది 1806లో కట్టిన ఆఫ్రికన్ మీటింగ్ హౌస్‌లోకి మారింది.

అన్నిటికంటే ఒళ్లు గగుర్పొడిచే సంగతి 1788 నాటిది. ఆ ఫిబ్రవరిలో పని ఉందని చెప్పి ముగ్గురు నల్లవాళ్లను ఒక ఓడ ఎక్కించుకున్నారు. ముగ్గురూ స్వేచ్ఛ ఉన్నవాళ్లే, ఒకరు ఆఫ్రికన్ లాడ్జి సభ్యుడు. ఓడ వెళ్లింది పనికి కాదు, కరీబియన్ దీవులకు, వాళ్లను అమ్మేయడానికి. వార్త తెలియగానే ప్రిన్స్ హాల్ చట్టసభకు అర్జీ రాశాడు, ఇరవై రెండు మంది సంతకం చేశారు. వాళ్లు రాసింది ముగ్గురి గురించే కాదు. ఇలా అయితే మేం ఓడల్లో పనికి ఎలా వెళ్లగలం, ఇంటి నుంచి బయటికి వెళ్లినవాడు తిరిగొస్తాడని మా భార్యాబిడ్డలకు నమ్మకం ఎక్కడుంటుంది అని అడిగారు. మన రాష్ట్రం రేవుల నుంచే బానిసల ఓడలు బయలుదేరుతున్నాయని కూడా గుర్తుచేశారు. బానిసత్వాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ క్వేకర్లూ, బోస్టన్ పాదరీలూ తమ వంతు అర్జీలు కలిపారు. మార్చి 26న చట్టం వచ్చింది. మసాచుసెట్స్ వాళ్లెవరూ బానిస వ్యాపారం చేయకూడదు, ఎత్తుకుపోయినవాళ్ల కుటుంబాలు నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లొచ్చు. అర్జీ నుంచి చట్టానికి పట్టింది ఒక్క నెల.

మరి ఆ ముగ్గురు? గవర్నర్ జాన్ హాన్‌కాక్, ఊళ్లోని ఫ్రెంచి కాన్సల్ దీవుల గవర్నర్లందరికీ ఉత్తరాలు రాశారు. వాళ్లను సెయింట్ బార్తెలెమీ దీవిలో అమ్మబోయారు. అక్కడ లాడ్జి సభ్యుడు మేసన్ల సంకేతం ఏదో చూపించాడనీ, దాన్ని గుర్తుపట్టిన ఒక మేసన్ అమ్మకాన్ని ఆపించాడనీ అప్పట్లో బోస్టన్ పాదరీ జెరెమీ బెల్‌నాప్ రాసిపెట్టాడు. ఆ వేసవిలో ముగ్గురూ బోస్టన్ తిరిగొచ్చారు, ఊళ్లో పండుగ చేసుకున్నారు. తలుపులు మూసుకుని నేర్చుకున్న ఒక సైగ మనిషిని వేలంపాట నుంచి కాపాడిందంటే ఆ రహస్యాల విలువ గురించి కూడా మళ్లీ ఆలోచించాల్సిందే.

1797 జూన్ 24న, సెయింట్ జాన్ పండుగ రోజున, కేంబ్రిడ్జి దగ్గరి మెనోటమీలో ప్రిన్స్ హాల్ లాడ్జి సభ్యులతో మాట్లాడిన ప్రసంగం అచ్చయింది. అప్పటికే వయసు మీదపడింది. అర్జీల్లో కనిపించే వినయం అందులో చాలా తక్కువ. బోస్టన్ వీధుల్లో మీకు రోజూ ఎదురయ్యే అవమానాల గురించి చెబుతూ, పండుగ రోజుల్లో అయితే మరీ దారుణం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నారు అన్నాడు. ముసలి ఆడవాళ్ల ఒంటి మీద బట్టలు చింపేసిన సంగతీ చెప్పాడు. ఆ వెంటనే ఫ్రెంచి దీవుల మాట తెచ్చాడు. ఆరేళ్ల కిందట అక్కడ మన అన్నదమ్ములకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొరడా చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు, ఇప్పుడు చూడండి అన్నాడు. ఆ దీవుల్లోని హైతీలో బానిసల తిరుగుబాటు ఇంకా నడుస్తూనే ఉంది. ఆ పేరు వింటేనే అమెరికాలో బానిసల యజమానులు వణికిపోతున్న రోజులవి. సహనం పట్టమని చెబుతూనే ఈ మాటలు కూడా చెప్పగలిగాడంటే, పండుగ రోజు ఊరేగింపు అనుమతి ఎంత దూరం వచ్చిందో చూడాలి. నడవడానికి ఇచ్చిన రోజునే మాట్లాడే రోజుగా మార్చుకున్నారు.

అదే ఏడాది లాడ్జి బోస్టన్ దాటింది. ఫిలడెల్ఫియా నుంచి నల్లవాళ్లు ఉత్తరం రాశారు. ఇక్కడి తెల్ల మేసన్లు మమ్మల్ని చేర్చుకోరు, మమ్మల్ని చేర్చుకుంటే వర్జీనియాలోని నల్లవాళ్లు కూడా మేసన్లయిపోతారని వాళ్ల భయం అని. ప్రిన్స్ హాల్ వాళ్లకు తన లాడ్జి కింద అనుమతి ఇచ్చాడు. నల్లవాళ్ల చర్చిలకు పునాది వేసిన అబ్సలామ్ జోన్స్, రిచర్డ్ అలెన్ ఆ ఫిలడెల్ఫియా లాడ్జిలో ఉన్నారు. ప్రావిడెన్స్‌లో ఇంకో లాడ్జి లేచింది.

లండన్ మాత్రం మెల్లగా మౌనంలోకి వెళ్లిపోయింది. ఆఫ్రికన్ లాడ్జి అక్కడి ధర్మనిధికి ఎన్నోసార్లు చందా పంపింది. పేదవాళ్ల లాడ్జి, ఊళ్లో బడి కట్టుకోవడానికే డబ్బుల్లేని మనుషులు, అయినా పంపారు. ఉత్తరాలకు జవాబులు రావడం ఆగిపోయింది. 1813లో ఇంగ్లండ్‌లోని రెండు గ్రాండ్ లాడ్జీలు ఒకటైనప్పుడు జాబితా నుంచి ఆఫ్రికన్ లాడ్జి పేరు తీసేశారు, కనీసం తెలియజేయలేదు. అమెరికాలోని ఇంకెన్నో లాడ్జీల పేర్లు కూడా అప్పుడే పోయాయి, ఇది రంగు చూసి చేసిన పని అని కచ్చితంగా చెప్పలేం. కానీ వాటికి ఆనుకోవడానికి సొంత రాష్ట్రాల గ్రాండ్ లాడ్జీలు ఉన్నాయి, దీనికి లేదు. ప్రిన్స్ హాల్ 1807 డిసెంబరులోనే చనిపోయాడు. కాప్స్ హిల్‌లోనే పాతిపెట్టారు.

లాడ్జికి ఉన్న హద్దులు కూడా చెప్పుకోవాలి, లేకపోతే కథ అబద్ధమవుతుంది. ఆడవాళ్లకు అందులో చోటు లేదు. అర్జీల్లో కన్నీళ్లు పెట్టుకునే తల్లులు, భార్యలు ఉన్నారు గానీ సంతకాలన్నీ మగవాళ్లవే. స్వేచ్ఛ ఉన్నవాడికే, ఫీజు కట్టగలిగినవాడికే, పెద్దమనిషి తరహాలో నడుచుకునేవాడికే సభ్యత్వం. తాగి తిరిగేవాళ్లకు దూరంగా ఉండాలి, ప్రభుత్వానికి విధేయంగా ఉండాలి అన్న మాట లాడ్జి ప్రసంగాల్లో పదే పదే వస్తుంది. మనం మంచిగా ఉంటే వాళ్లు మనల్ని మనుషులుగా చూస్తారు అన్న ఆశ ఆ మాట వెనక ఉంది. ఆ ఆశ ఎక్కడా నెరవేరలేదు. ఎంత పద్ధతిగా నడిచినా ఎగతాళి ఆగలేదు. 1808 నుంచి బోస్టన్ నల్లవాళ్లు బానిస వ్యాపార నిషేధాన్ని పండుగగా జరుపుకుంటూ జూలై 14న ఊరేగితే, కొన్నేళ్లకు వాళ్ల యాసను వెక్కిరిస్తూ కరపత్రాలు అచ్చేసి వీధుల్లో పంచారు. మంచితనంతో మెప్పించడం కంటే కలిసి నిలబడటమే పనికొచ్చిందని చరిత్ర చూస్తే తెలుస్తుంది, లాడ్జి పెద్దలు ఆ మాట అలా చెప్పకపోయినా.

తర్వాతి తరం చెప్పింది. 1826లో ఈ లాడ్జిలో చేరిన డేవిడ్ వాకర్ బోస్టన్‌లో పాత బట్టల దుకాణం నడిపేవాడు. 1829లో అతను అచ్చువేసిన కరపత్రం బానిసత్వం మీద సూటిగా యుద్ధం ప్రకటించింది, నావికుల చేతుల మీదుగా దక్షిణాది రేవులకు చేరింది, దాన్ని దగ్గర పెట్టుకోవడమే నేరమని కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. అతను చేరిన మరుసటి ఏడాది, 1827లో, జాన్ హిల్టన్ నాయకత్వంలో లాడ్జి ఒక ప్రకటన ఇచ్చింది. లండన్ జవాబివ్వదు, బోస్టన్ ఒప్పుకోదు, కాబట్టి ఇక మేం ఎవరి కిందా లేం, మాకు మేమే అని. అడిగి అడిగి విసిగిన యాభై ఏళ్ల తర్వాత వచ్చిన మాట అది. ప్రిన్స్ హాల్ గ్రాండ్ లాడ్జి అన్న పేరు ఆ తర్వాత స్థిరపడింది.

ఆ పరంపరలోనే లూయిస్ హేడెన్ వస్తాడు. కెంటకీలో బానిసగా పుట్టి 1844లో కుటుంబంతో పారిపోయి వచ్చినవాడు. బోస్టన్‌లో అతని ఇల్లు పారిపోయి వచ్చేవాళ్లకు ఆశ్రయం. పట్టుకోవడానికి ఎవరైనా వస్తే ఇల్లు పేల్చేయడానికి మందుగుండు పీపాలు సిద్ధంగా పెట్టుకున్నాడని చెబుతారు. లాడ్జి పెద్దగా అతను 1865 డిసెంబరులో ఇచ్చిన ప్రసంగం పేరు తెలుగులో చెప్పాలంటే 'మేసన్లలో కులం'. రంగు వివక్షను కులం అనే మాటతోనే పిలిచాడు, ఆ కాలపు అమెరికన్ సంస్కర్తలు చాలామంది అలాగే పిలిచేవాళ్లు. ఇందులో మనకు పట్టించుకోదగ్గ పోలిక ఒకటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే బెంగాలీ వర్తకుడు మేసన్‌గా చేరాలని 1863లో అడిగాడు. హిందువులకు ఒకే దేవుడి మీద నమ్మకం లేదు కాబట్టి కుదరదన్నారు. తొమ్మిదేళ్లు పోరాడి 1872లో చేరాడు. కారణంగా ఒకచోట రంగు చెప్పారు, ఇంకోచోట మతం చెప్పారు. అందరూ సోదరులే అని గోడ మీద రాసుకున్న సంఘాలు రెండుచోట్లా గడప దగ్గర ఒకటే పని చేశాయి. దత్‌కు తొమ్మిదేళ్లు పట్టింది. ప్రిన్స్ హాల్ మేసన్లను అమెరికాలో ఒక తెల్లవాళ్ల గ్రాండ్ లాడ్జి నిలకడగా గుర్తించింది 1989లో, కనెటికట్ రాష్ట్రంలో. పేరు తీసేసిన ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జి 1994లో మసాచుసెట్స్ ప్రిన్స్ హాల్ లాడ్జిని గుర్తించింది. అంటే చార్టర్ మీద తేదీ నుంచి లెక్కేస్తే 210 ఏళ్లు.

ఈ లోపు ఆ లాడ్జి పిల్లలు అమెరికా అంతటా లేచాయి, పెద్ద పెద్ద హాళ్లు కట్టుకున్నాయి. నల్లవాళ్లకు హోటల్లో మీటింగ్ పెట్టుకునే చోటివ్వని ఊళ్లలో సభ పెట్టాలన్నా, యూనియన్ కట్టాలన్నా, కోర్టు కేసుకు చందా వసూలు చేయాలన్నా మేసన్ల హాలే దిక్కు. మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో, లించ్ స్ట్రీట్‌లో, అక్కడి ప్రిన్స్ హాల్ మేసన్లు 1955లో కట్టిన భవనం ఉంది. పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ ఆఫీసు అందులోనే ఉండేది, మెడ్గర్ ఎవర్స్ అక్కడి నుంచే పనిచేశాడు. 1963 జూన్ 12న, అర్ధరాత్రి దాటాక, ఇంటి ముందు కారు దిగుతుండగా అతన్ని వెనక నుంచి కాల్చి చంపారు. మూడు రోజుల తర్వాత అంత్యక్రియల సభ ఆ మేసన్ల హాల్లోనే జరిగింది. మార్టిన్ లూథర్ కింగ్ వచ్చాడు, వేలమంది వచ్చారు, హాలు పట్టక బయట ఎండలో నిలబడ్డారు. సభ అయ్యాక అందరూ శవపేటిక వెనక వరుసగా, నోరు మెదపకుండా, ఫారిష్ స్ట్రీట్ దాకా నడిచారు. ఆ నడకకు ముందు నగర పాలకుల దగ్గర అనుమతి తీసుకోవాల్సి వచ్చింది, మౌనంగా నడుస్తామన్న షరతు మీదే ఇచ్చారు.